పడవ ఎక్కినవారెందరు?

కృష్ణానది పులిగడ్డ దగ్గర పాయలుగా చీలి, దివిసీమను రెండు చేతుల నడుమ పొదువుకొని సముద్రమును చేరుతున్నది. ఆ నేల చిట్టచివర, కోడూరు మండలములో, హంసలదీవికి చేరువగా పాలకాయతిప్ప అనే పల్లె ఉన్నది. ఒక ప్రక్క మడ అడవి, ఒక ప్రక్క ఇసుక, ఎదుట బంగాళాఖాతము. అచ్చటికి కొద్దిదూరములోనే నదీసాగర సంగమము. మాఘ పూర్ణిమనాడు, కార్తిక మాసపు పర్వదినములలో సముద్రస్నానమునకై బందరు, గుడివాడ, అవనిగడ్డ ప్రాంతములనుండి జనము ఇచ్చటికి తరలివస్తారు. స్నానము చేస్తారు, హంసలదీవి వేణుగోపాలస్వామిని దర్శిస్తారు, సంగమము చూచి సంతోషిస్తారు. పుణ్యమునకు వచ్చినవారిలో పిల్లలున్న ప్రతి కుటుంబమునకు ఒక కోరిక కూడ ఉంటుంది: కాసేపు పడవ ఎక్కి నీటిమీద తిరిగి రావలెనని.

ఆ కోరికగలవారు ఏడాదికి ఎందరు? ఎక్కినవారెందరు? పడవ దొరకక గాని, భయపడి గాని, బాడుగ ఎక్కువని గాని వెనుదిరిగినవారెందరు? వినడానికి ఇది తీరికవేళ ప్రశ్నవలె తోస్తుంది. కాని జవాబు కావలసివచ్చినపుడు ఇంతకంటె చిక్కైన ప్రశ్న మరొకటి లేదు. వినోదమునకై పడవ ఎక్కేవారి సంఖ్యను ఎక్కడ వెదకవలెను, దొరికిన సంఖ్యను ఎట్లు చదువవలెను, దొరకనపుడు మనమే దానిని ఎట్లు సేకరించుకొనవలెను అన్నదే నేటి మన ప్రసంగవిషయము.

ముందుగా, ఈ సంఖ్య ఎవరికి కావలెనో చూతము. తీరగ్రామపు యువకుడొకడు వేటపడవ మీద ఆదాయము చాలక, ఇరువదిమంది కూర్చుండగల విహారపు పడవ ఒకటి చేయించదలచినాడని అనుకొందము. అతడు బ్యాంకుకు పోతాడు. బ్యాంకువారు అడిగే మొదటి ప్రశ్న పడవ ఖరీదు ఎంత అన్నది కాదు. ఏడాదికి ఎందరు ఎక్కుతారు అన్నది. అతడు మాఘ పూర్ణిమ జనమును తలచుకొని, లక్షలమంది వస్తారండీ అంటాడు. వచ్చేవారు వేరు, ఎక్కేవారు వేరు. ఆ తేడా తెలియక అప్పు చేసిన పడవ రెండేండ్లలో ఒడ్డున బోర్లించి ఉంటుంది. అప్పు మాత్రము బోర్లపడదు. ఇక పంచాయతీవారికి ఇదే సంఖ్య రేవుకు మెట్లు కట్టించుటకు కావలెను. పోలీసులకు కాపలాకు కావలెను. అటవీశాఖవారికి మడ అడవిలోని పక్షికి, చేపకు ఎంత అలజడి కలుగుతున్నదో తెలియుటకు కావలెను. ఆ ప్రాంతములోనిదే గదా కృష్ణా వన్యప్రాణి అభయారణ్యము. చివరగా, పిల్లవానిని చేయి పట్టుకొని పడవ ఎక్కించే తల్లిదండ్రులకు కూడ అది కావలెను. ఎందుకో తరువాత చెప్పుకొందము.

మన తీరమున లెక్కలు లేక కాదు. వేటపడవల లెక్క చక్కగా ఉన్నది. కొచ్చిలోని కేంద్ర సముద్ర మత్స్య పరిశోధన సంస్థవారు 2010లో జరిపిన మత్స్యకార గణన ప్రకారము ఆంధ్ర తీరమున 555 మత్స్యకార గ్రామములు, 353 చేపలు దించే రేవులు, 1,63,427 కుటుంబములు, 31,741 పడవలు ఉన్నవి. ఆ పడవలలో మరబోటులెన్ని, ఇంజను తగిలించిన నాటుపడవలెన్ని, తెడ్డు తెరచాపలతో నడిచేవెన్ని అని కూడ విడమరచి చెప్పినారు. ఇంటింటికి తిరిగి అడిగి వ్రాసుకొన్న లెక్క అది. 2016లో మరల గణన జరిగినది. బ్రతుకుతెరువు పడవకు ఇంత శ్రద్ధగా లెక్క ఉండగా, విహారపు పడవకు అటువంటిది ఏల లేదు?

కారణము వెనుకటి చరిత్రలో కనబడుతుంది. లోకములో లెక్క అన్నది పన్ను ఉన్నచోట పుడుతుంది, లేదా ప్రమాదము జరిగినచోట పుడుతుంది. బెజవాడ ఆనకట్ట 1852లో మొదలై 1855లో పూర్తి అయిన తరువాత, డెల్టా కాలువలు పొలములకు నీరిచ్చుటకే గాక పడవలు నడుచుటకు కూడ ఉపయోగపడినవి. ధాన్యము, సున్నము, కలప, పెండ్లివారు, యాత్రికులు అందరు కాలువ దారినే పోయేవారు. కాలువలను, బాడుగ రేవులను గూర్చి మదరాసు ప్రభుత్వము 1890లో ఒక చట్టము చేసినది. పడవకు లైసెన్సు, దారికి రుసుము ఏర్పడినవి. రుసుము పుచ్చుకొన్న గుమాస్తా దానిని పుస్తకములో వ్రాయక తప్పదు గనుక, పడవల లెక్క దానంతటదే తయారయ్యేది. రోడ్లు, బస్సులు వచ్చి కాలువ ప్రయాణము తగ్గిపోయినపుడు ఆ పుస్తకములు కూడ మూతపడినవి. నేడు ఎదురుమొండి దీవికి జనమును దాటించే పంటును అడిగితే, దాటినవారెందరో టిక్కెట్లనుబట్టి చెప్పవచ్చును. కాని దాటేవారు పనిమీద పోయేవారు. విహారమునకు పోయేవారు కారు. రెండింటిని ఒకే గంపలో వేయరాదు.

సరే, యాత్రికుల లెక్కలు ఉన్నవి కదా అంటారు. ఉన్నవి. కేంద్ర పర్యాటకశాఖవారు ఏటేటా ప్రచురించే గణాంకములలో 2019వ సంవత్సరమునకు ఆంధ్రప్రదేశ్‌కు వచ్చిన స్వదేశీ యాత్రల సంఖ్య సుమారు 23 కోట్ల 70 లక్షలు. ఆ ఏడు దేశములో మన రాష్ట్రము మూడవ స్థానమున నిలిచినది. కాని ఈ సంఖ్యను జాగ్రత్తగా చదువవలెను. అవి మనుషులు కారు, యాత్రలు. ఒకే మనిషి ఏడాదిలో తిరుపతికి ఒకసారి, బెజవాడ కనకదుర్గ గుడికి రెండుసార్లు, శ్రీశైలమునకు ఒకసారి పోతే అతడు నలుగురుగా లెక్కకు వస్తాడు. ఆ కోట్లలో పడవ ఎక్కినవారెందరో ఆ పుస్తకములో వెదకినా దొరకదు. జాతీయ నమూనా సర్వేవారు 2008-09లో 65వ విడతగా, 2014-15లో 72వ విడతగా ఇంటింటికి వెళ్లి స్వదేశీ యాత్రలనుగూర్చి ప్రశ్నించినారు. ఎందుకు పోయినారు, ఎన్ని రాత్రులు ఉన్నారు, ఎంత ఖర్చు చేసినారు అని వ్రాసుకొన్నారు. అది ఎంతో విలువైన పని. అయినా దానిలో కూడ వెదకవలసినది విహారయాత్రల మొత్తమునే గాని, నీటిమీది గంటసేపును కాదు.

ఇక పడవలనే లెక్కించవచ్చును గదా అనిపిస్తుంది. మన దేశములో లోతట్టు జలములలో తిరిగే నౌకలకు 1917 నాటి చట్టము చాలాకాలము అమలులో ఉండెను. దాని స్థానములో 2021లో కొత్త చట్టము వచ్చినది. యంత్రముతో నడిచే పడవలు రిజిస్టరు కావలెను. వాటి వివరములు దేశమంతటికి ఒకేచోట చేర్చవలెను. యంత్రము లేని పడవల వివరములు స్థానిక సంస్థలు సేకరించవలెను అని అందులో ఉన్నది. ఇది మంచి మార్గము. అయితే మన పాలకాయతిప్ప దగ్గర ఒక తిరకాసు ఉన్నది. ఏటి నీటికి ఒక చట్టము, సముద్రపు నీటికి మరొకటి. సంగమము దగ్గర ఏరు ఎక్కడ ముగిసినది, సముద్రము ఎక్కడ మొదలైనది? ఆటుకు ఒకచోట, పోటుకు ఒకచోట. ఒకే పడవ ఒకే గంటలో రెండు జలములలో తిరిగి వస్తుంది. అందుచేత ఒక కార్యాలయపు పుస్తకము చూచి ఇదే మొత్తము అనుకొనరాదు. మత్స్యశాఖ పుస్తకములో వేటపడవగా ఉన్నది పండుగనాడు విహారపు పడవ అవుతుంది. పర్యాటక సంస్థ పుస్తకములో దాని పేరే ఉండదు.

పడవల సంఖ్య దొరికినదే అనుకొందము. దానితోనే ఎక్కినవారి సంఖ్య తెలియదు. ఇక్కడ నాలుగు మాటలను వేరుచేసి పెట్టుకొనవలెను. పడవలు ఎన్ని అన్నది ఒక లెక్క. వాటిలో కూర్చుండే చోటు ఎంత అన్నది రెండవది. ఏడాదిలో తెగిన టిక్కెట్లు ఎన్ని అన్నది మూడవది. పడవ ఎక్కిన వేరువేరు మనుషులు ఎందరు అన్నది నాలుగవది. భవానీద్వీపమునకు పోయే పడవల టిక్కెట్ల కట్ట చూస్తే మూడవ లెక్క మాత్రమే తెలుస్తుంది. ఒక గుడివాడ కుటుంబము ఏడాదిలో మూడుసార్లు ఎక్కితే టిక్కెట్లు మూడింతలవుతవి, మనుషులు వారే. వ్యాపారికి టిక్కెట్ల లెక్క చాలును. ప్రజలలో ఎంత భాగము ఈ వినోదమునకు అలవాటుపడినారో తెలియవలెనంటే నాలుగవ లెక్క కావలెను. పత్రికలలో సంఖ్య కనబడగానే మనము అడుగవలసిన మొదటి ప్రశ్న ఇదే: ఇవి పడవలా, టిక్కెట్లా, మనుషులా?

ఈ విషయములో ఇతర దేశములు ఏమి చేసినవో చూతము. అమెరికాలో వినోదపు పడవలను రాష్ట్రములవారు రిజిస్టరు చేస్తారు. ఆ మొత్తమును తీరరక్షక దళమువారు ఏటేటా ప్రకటిస్తారు. 2020లో అవి సుమారు 1 కోటి 18 లక్షలు. కాని చేతి తెడ్డుతో నడిచే చిన్న పడవలను అనేక రాష్ట్రములలో రిజిస్టరు చేయనక్కరలేదు. అందువలన రిజిస్టరు ఒక్కటే చాలదని గ్రహించి, వారు ఇండ్లకు ప్రశ్నలు పంపి, ఏ పడవ ఎన్ని దినములు నీటిమీద ఉన్నది, అందులో ఎందరు ఉన్నారు అని ప్రత్యేక సర్వేలు జరిపినారు. ఇంగ్లండులో మరొక పద్ధతి. అచ్చటి నౌకావ్యాపార సంఘము, పడవక్రీడల సంఘము, ప్రాణరక్షక సంస్థ మొదలైనవి కలిసి 2002నుండి, సుమారు పన్నెండువేలమంది పెద్దలను ఎన్నుకొని, గత ఏడాదిలో నీటిమీద ఏ వినోదములో పాల్గొన్నారు అని అడిగే సర్వేను నడుపుతూ వచ్చినవి. రేవులో నిలబడి అడుగక ఇంటిలో ఉన్నవారిని అడుగుటలో ఒక ప్రయోజనమున్నది. రేవులో అడిగితే వచ్చినవారే దొరుకుతారు. ఇంటిలో అడిగితే రానివారు కూడ దొరుకుతారు. ఏల రాలేదో చెబుతారు.

ఒక హెచ్చరిక మాత్రము అవసరము. పడవలు అమ్మేవారి సంఘము ప్రకటించే సంఖ్య పెద్దదిగా ఉండుట సహజము. అది అబద్ధమని కాదు. ఏడాదిలో ఒక్కసారి పది నిమిషములు ఎక్కినవానిని, ప్రతి ఆదివారము ఎక్కేవానిని ఒకే విధముగా లెక్కించుటవలన అట్లు అవుతుంది. ఎవరు లెక్కించినారు, ఎవరిని అడిగినారు, ఏమని అడిగినారు అన్న మూడు సంగతులు తెలియకుండ సంఖ్యను నమ్మరాదు.

ఇప్పుడు తల్లిదండ్రుల సంగతికి వద్దాము. 2017 నవంబరు 12న, కార్తికమాసపు ఆదివారమునాడు, ఇబ్రహీంపట్నము దగ్గర పవిత్రసంగమము చేరబోతున్న పడవ బోల్తాపడి ఇరువదిమందికి పైగా ప్రాణములు కోల్పోయినారు. 2019 సెప్టెంబరు 15న, పాపికొండలు చూడబోయిన పడవ గోదావరిలో కచ్చులూరు దగ్గర మునిగినది. ఆనాడు అందులో ఎందరున్నారన్న ప్రశ్నకు వెంటనే ఒక్క జవాబు రాలేదు. మొదట అరవై పైచిలుకు అన్నారు. తరువాత సంఖ్య పెరిగినది. చివరకు 77 అని తేలినది. బయటపడినవారు 26 మంది. తమవారు ఆ పడవలో ఉన్నారో లేదో తెలియక ఒడ్డున నిలిచిన కుటుంబములకు లెక్క అంటే ఏమిటో ఎవరూ వివరించవలసిన పని లేదు. ఏరు దాటేదాకా ఓడ మల్లన్న, దాటిన తరువాత బోడి మల్లన్న అని మన సామెత. మన లెక్కలు ఇందుకు తలక్రిందులుగా నడుస్తున్నవి. క్షేమముగా ఏరు దాటివచ్చినంతకాలము ఎవరినీ ఎవరూ లెక్కించరు. మునిగిననాడు అందరమూ లెక్కకు కూర్చుంటాము.

ప్రమాదముల లెక్క ఉన్నది గదా, దానినిబట్టి భద్రత తెలియదా అని అడుగవచ్చును. తెలియదు. ఒక రేవులో ఏడాదికి ఒక ప్రమాదము, మరొక రేవులో రెండు జరిగినవనుకొందము. రెండవ రేవు చెడ్డదని తొందరపడి అంటాము. కాని మొదటి రేవులో ఎక్కినవారు వేయిమంది, రెండవదానిలో లక్షమంది అయితే, నిజమునకు మొదటి రేవే ఎక్కువ ప్రమాదకరము. పైన ఉన్న అంకెకు క్రింద మరొక అంకె ఉంటేగాని భిన్నము పూర్తి కాదు. అమెరికాలో వినోదపు పడవలమీద 2019లో 613 మంది, 2020లో 767 మంది మరణించినారు. 2020 మహమ్మారి ఏడు. జనము ఎక్కువగా నీటిమీదికి వెళ్లినారు. కాబట్టి మరణములు పెరుగుట సహజమేనని సరిపెట్టుకొనవచ్చును. కాని వారివద్ద క్రింది అంకె కూడ ఉన్నది. లక్ష పడవలకు మరణములు 5.2నుండి 6.5కు పెరిగినవి. పడవల సంఖ్యతో పోల్చి చూచినా ప్రమాదము పెరిగినదని దానివలన తెలిసినది. అయితే ఒక్కొక్క పడవ ఆ ఏడు మరి ఎన్ని ఎక్కువ గంటలు తిరిగినదో రిజిస్టరు చెప్పదు. అందుకే వారికి కూడ పడవల లెక్కతోపాటు మనుషుల లెక్క, గంటల లెక్క కావలసివచ్చినవి.

కచ్చులూరు దుర్ఘటన తరువాత మన రాష్ట్రములో నాగార్జునసాగరము, శ్రీశైలము, విజయవాడ బెరమ్ పార్కు మొదలుగా తొమ్మిది చోట్ల పడవల నియంత్రణ గదులకు 2020 జూన్‌లో శంకుస్థాపన జరిగినది. పడవ కదలకముందు అందులోని వారి పేర్లు వ్రాసుకొని, ప్రాణరక్షక జాకెట్లు తొడిగించి పంపవలెనన్నది అందరు ఒప్పుకొన్న పద్ధతి. ఆ పేర్ల పుస్తకము ప్రమాదమునాడు ప్రాణముల లెక్క. ప్రమాదము లేనినాడు అదే మనకు కావలసిన విహారపు లెక్క. ఒకే పనికి రెండు ఫలములు. నెలాఖరున ఆ పేజీలను కూడి మొత్తము వ్రాసిపెట్టుట ఒక్కటే అదనపు శ్రమ.

నియంత్రణ గది లేని పాలకాయతిప్పవంటి చోట ఏమి చేయవలెను? చదువుకొన్న యువకులు నలుగురు పూనుకొంటే చాలును. ఏడాదిలోని దినములన్నిటిని లెక్కించనక్కరలేదు. దినములను మూడు తరగతులుగా విడదీయవలెను: పర్వదినములు, ఆదివారములు, సాధారణ దినములు. ప్రతి తరగతిలో కొన్ని దినములను చీటీలు వేసి ఎన్నుకొని, ఆ దినములందు ఉదయమునుండి సాయంకాలమువరకు తీరమునకు వచ్చిన వాహనములు, మనుషులు, పడవ ఎక్కినవారు ఎందరో వ్రాసుకొనవలెను. తమకు తీరికైన దినములనే ఎన్నుకొంటే లెక్క తప్పుతుంది. తీరిక దినములందే జనము కూడ ఎక్కువ గదా.

ఉదాహరణకు, కేవలము ఊహగా, పర్వదినమున 600 మంది, ఆదివారము 80 మంది, సాధారణ దినమున 10 మంది పడవ ఎక్కినారనుకొందము. పర్వదినములు 5, ఆదివారములు 50, మిగిలినవి 310. హెచ్చవేస్తే మూడువేలు, నాలుగువేలు, మూడువేల నూరు, మొత్తము 10,100. అదే ఆదివారపు సంఖ్యను 365తో హెచ్చవేసినవానికి 29,200 వస్తుంది. పర్వదినపు సంఖ్యను హెచ్చవేసినవానికి 2,19,000 వస్తుంది. ముగ్గురూ చూచినది ఒకే తీరమును. మూడవవాని లెక్క నమ్మి అప్పు తెచ్చినవాని గతి వేరే చెప్పనక్కరలేదు. ఈ పదివేలలోనుండి కూడ తుఫానుహెచ్చరిక ఉన్న దినములను, ఏటిమొగలో అల పెరిగి పడవ కదలరాని దినములను తీసివేయవలెను. 1977 నవంబరు 19నాటి ఉప్పెనను చూచిన దివిసీమవారికి ఈ తీసివేత ఎందుకో తెలుసును.

లెక్కించేవారు ఎక్కినవారిని నాలుగు ప్రశ్నలు అడిగితే మరింత మేలు. ఏ ఊరినుండి వచ్చినారు? ఈ ఏడాది ఇది ఎన్నవసారి? మీతో ఎందరు వచ్చినారు, అందులో ఎక్కనివారెందరు? ఎక్కనివారు ఏల ఎక్కలేదు? రెండవ ప్రశ్నవలన టిక్కెట్లనుండి మనుషుల లెక్క తీయవచ్చును. చివరి ప్రశ్న అన్నిటికంటె ముఖ్యము. జాకెట్లు లేవని మానుకొన్నవారు పదిమందిలో నలుగురని తేలితే, కొత్త పడవ కొనుటకంటె జాకెట్లు కొనుట లాభమని ఆ యువకునికి తెలుస్తుంది. లెక్క అన్నది గొప్ప చెప్పుకొనుటకు కాదు, దారి తెలుసుకొనుటకు.

ఇంకొక మాట. సంగమము చుట్టునున్న మడ అడవి ఉప్పెనకు అడ్డుగోడ. రొయ్యకు, చేపకు పురుడుపోసే ఇల్లు. పడవలు పెరిగినకొద్దీ ఆదాయము పెరుగుతుందన్నది ఒక హద్దువరకే నిజము. ఆ హద్దు ఎక్కడో సంఖ్యలే చెప్పవలెను. అటవీశాఖవారి అనుమతి, మెరైన్ పోలీసుల హెచ్చరిక పాటించి, ఏ మాసములో ఎందరు వచ్చినారో వ్రాసిపెట్టుకొన్న ఊరు, ఇక చాలునని చెప్పుటకు గాని, ఇంకా రండని పిలుచుటకు గాని అధికారము సంపాదించుకొంటుంది. లెక్క లేని ఊరికి ఆ రెండు మాటలు పైవారు చెబుతారు.

ఈ రేడియో ముందు కూర్చున్నవారిలో ఏ కుటుంబమైనా రేపటి కార్తికమునకు పడవ ఎక్కదలచితే, ఎక్కేముందు సరంగును ఒక ప్రశ్న అడుగవలెనని మా మనవి: ఈ పడవకు ఎందరు చాలును, ఇప్పుడు ఎందరున్నాము? అతడు తడుముకొనక జవాబు చెప్పి, మీ పేరు వ్రాసుకొంటే ఎక్కండి. చెప్పలేకపోతే ఒడ్డుననే ఉండి సముద్రమును చూడండి, అదీ చూడదగినదే. ప్రయాణికుడు ప్రతిసారీ అడుగుతూ ఉంటే, సరంగు లెక్క వ్రాయుట నేర్చుకొంటాడు. సరంగు వ్రాసినది పంచాయతీకి, పంచాయతీది జిల్లాకు చేరుతుంది. పెద్ద గణాంకములన్నీ ఇటువంటి చిన్న పుస్తకములనుండి పుట్టినవే.